అదే కథ మళ్ళీ చదవనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలకు చదవడం రావట్లేదని అందరూ అంటున్నారు, పత్రికల్లోనూ తరచూ రాస్తున్నారు. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయేమో అనిపిస్తుంది నాకు. అక్షరాలే రాకపోవడం ఒకటి, అక్షరాలన్నీ వచ్చి కూడా వాక్యం నడవకపోవడం ఇంకొకటి. మా పాపది రెండో రకం, ఈ ఉత్తరం దాని గురించే.

పాప రెండో తరగతి. క కా కి కీ అంటూ గుణింతం మొత్తం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేస్తుంది. కానీ 'కీ' ఒక్కటే రాసి చూపిస్తే, లోపల్లోపల క దగ్గర మొదలుపెట్టి వరసగా వచ్చి అప్పుడు చెప్పేది, పెదాలు కదలడం కనిపిస్తూనే ఉండేది. అంటే దానికి వచ్చింది పాట, అక్షరం కాదు. ఇక వాక్యం సంగతి చెప్పాలా? ఒకరోజు 'చెట్టు మీద పిట్ట కూర్చుంది' అని రాసిచ్చాను. చె... ట... ట వత్తు, కొమ్ము... చెట్టు, మీ... ద, అనుకుంటూ ఎలాగో చివరి మాట దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. తప్పు దానిది కాదు, మీరే చూడండి, ఆ మాటలో కొమ్మేమో ర మీద కనిపిస్తుంది, పలకాల్సిందేమో కింద ఉన్న చ తర్వాత. పాప 'కూరు... కూరుచ...' అని నా మొహంలోకి చూసింది. మొత్తానికి అయిందనిపించాక "ఎవరు కూర్చున్నారమ్మా?" అని అడిగితే "చెట్టు" అంది. నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది, కోపమే ముందు బయటపడింది.

తర్వాత కాస్త చదివితే తెలిసింది, ఇది ఎప్పుడో చర్చించిన విషయమేనని. మనిషి ధ్యాస ఒక సమయంలో ఇంతే అని ఉంటుంది, అదంతా అక్షరం పోల్చుకోవడానికే ఖర్చయిపోతే అర్థం మీద పెట్టడానికి ఏమీ మిగలదని లబెర్జ్, శామ్యూల్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లోనే రాశారు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో జారిపోతుంది, అందుకే చెట్టు వెళ్ళి కూర్చుంది! మాటను చూడగానే ప్రయత్నం లేకుండా నోటికి వచ్చే స్థితి రావాలి, అప్పుడే బుర్ర కథ మీదికి వెళ్తుంది. ధారాళంగా చదవడం అని మనం అనేది దాన్నే. గడగడా చదవడం వేరు.

ఈ తేడా నాకు మొదట తెలియక చేసిన పని ఒకటుంది. ఇంగ్లీషులో ఏ తరగతికి నిమిషానికి ఎన్ని మాటలు చదవాలో పట్టికలు ఉంటాయి కదా, అలాంటిదొకటి చూసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కూర్చున్నాను. వారంలో పాప వేగం పెరిగింది, నిజమే, ఎలాగంటే వత్తులు మింగేసి. పిట్ట కాస్తా పిట అయింది. నేను అర్థం అడగడం మానేశాను కాబట్టి దానికి అర్థంతో పని లేకపోయింది. పైగా ఆ లెక్క తెలుగుకు అతకదు. 'వెళ్ళిపోయిందనుకున్నాను' అనేది మనకు ఒక మాట, ఇంగ్లీషులో అది ఒక పూర్తి వాక్యం. అలాంటి మాటలు నిమిషానికి ఎన్ని చదవాలని అక్కడి పట్టిక చూసి పిల్లని నిలదీస్తాం? టెన్షన్ తప్ప ఒరిగేది లేదు.

దారి చూపించింది మా అత్తగారు, అదీ తెలియకుండానే. ఆవిడకు కళ్ళజోడు లేకపోతే అక్షరం కనపడదు. ఒక సాయంత్రం జోడు ఎక్కడ పెట్టారో దొరక్క, మనవరాలిని పిలిచి కథ చదవమన్నారు. పాప తడుముకుంటూ చదువుతోంది, ఆవిడ ఒక్క తప్పూ దిద్దలేదు, "ఊఁ, తర్వాతేమైంది?" అంటూ కూర్చున్నారు. మర్నాడు మళ్ళీ అదే కథ కావాలన్నారు, నిన్న మధ్యలో నిద్రపట్టేసిందట. ఆ కథ నాలుగుసార్లు చదివింది పాప. నాలుగోసారి పక్కగదిలోంచి విన్నాను, మాటల మధ్య గొంతులో ఎత్తూ పల్లం వచ్చాయి, నక్క మాట్లాడే చోట గొంతు మార్చింది కూడా.

నా అనుమానం ఏమిటంటే, ఇది బట్టీ కదా అని. చాలామంది తల్లిదండ్రులూ ఇదే అంటారు, చదివిందే చదివితే కొత్తగా ఏం వస్తుంది అని. పైన చెప్పిన శామ్యూల్సే 1979లో దీనికి జవాబు చెప్పారు. పిల్లలకు 50 నుంచి 200 మాటలుండే చిన్న భాగం ఇచ్చి, తగినంత సాఫీగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చదివించి, తర్వాత కొత్తది ఇచ్చేవారు. గమనించిందేమిటంటే, కొత్త భాగాన్ని మొదటిసారి చదివేటప్పుడే పిల్లలు వెనకటికంటే బాగా చదువుతున్నారు, దాన్ని సాఫీ చేసుకోవడానికి పట్టే సార్లు కూడా తగ్గుతున్నాయి. బట్టీ అయితే కొత్తదానికి పనికిరాకూడదు కదా. ఇంట్లో నేను చేసుకున్న పరీక్ష ఇంకా సులువు, కథలోని మాటలు నాలుగు వేరే కాగితం మీద కలగాపులగంగా రాసి చూపించడం. చదివితే అది వచ్చినట్టే, చదవలేకపోతే నోటికి వచ్చింది కంటికి రాలేదన్నమాట, అప్పుడు వేలు పెట్టి చదివించాలి.

ఇప్పుడు మేం చేసేది రోజుకు పది, పదిహేను నిమిషాలు, అంతే. పేరా ముందు నేను చదువుతాను, మామూలుగా మాట్లాడే గొంతుతో. తర్వాత ఇద్దరం కలిసి, ఆ తర్వాత తనొక్కతే. మాట దగ్గర ఆగితే మూడు నాలుగు సెకన్లు నోరు కట్టేసుకుంటాను (ఇది ఎంత కష్టమో చేసి చూడండి, నాలిక మీదికి వచ్చేస్తుంది), అప్పటికీ రాకపోతే మాట చెప్పేసి, ఆ వాక్యం మొదటినుంచి చదవమంటాను. వత్తుల పాఠం అప్పుడు చెప్పను, కథ అయ్యాక చూసుకుంటాం. పుస్తకం ఎంచుకునేటప్పుడు మాత్రం కాస్త చూడాలి, 20 మాటలకు ఒకటి కంటే ఎక్కువ చోట్ల తట్టుకుంటోందంటే అది నేను చదివి వినిపించాల్సిన పుస్తకం, తను చదవాల్సింది కాదు.

చదివి వినిపించడం అన్నాను కదా, అది కూడా మానకూడదు. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాన్ని మాటగా మార్చడం, విన్న భాష అర్థమవడం, ఈ రెండిటి గుణకారం అని గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక లెక్క రాశారు. కూడిక కాదు, గుణకారం. ఏది సున్నా అయినా మొత్తం సున్నానే. పిల్ల ఎప్పుడూ వినని మాట పుస్తకంలో ఎంత సాఫీగా పలికినా లాభమేముంది?

"పుస్తకం తీసి నీ అంతట నువ్వు మనసులో చదువుకో" అని గదిలోకి పంపేవాళ్ళకూ ఒక మాట. అమెరికా ప్రభుత్వం వేసిన పఠన నిపుణుల సంఘం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు వడపోసి, 2000లో ఇచ్చిన నివేదికలో, పక్కన ఒకరుండి సాయం చేస్తూ పైకి మళ్ళీ మళ్ళీ చదివించడం వల్ల ధారాళతా, అర్థం చేసుకోవడమూ మెరుగవుతున్నాయని తేల్చింది. ఒంటరిగా మౌనంగా చదివించడం వల్ల ధారాళత పెరుగుతుందని చెప్పడానికి తగినంత ఆధారం దొరకలేదంది. మౌనంగా చదవడం చెడ్డదని కాదు, నడక వచ్చాక అదీ వస్తుంది. నడక నేర్పేటప్పుడు మాత్రం పక్కన ఒక చెయ్యి ఉండాలి.

నెలల తరబడి ఇలా కూర్చున్నా పిల్ల అక్షరం అక్షరమే కూడబలుక్కుంటుంటే బద్ధకమని తిట్టకుండా ముందు కళ్ళు, చెవులు చూపించండి, డిస్‌లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు, మాటలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది) లాంటిదేమైనా ఉందేమో తెలిసినవాళ్ళ చేత పరీక్ష చేయించండి.

చివరగా మీతో పని. మీ ఆదివారం పిల్లల పేజీ మా ఇంట్లో వస్తూనే కత్తిరించి దాస్తాం, కథలు బాగుంటాయి. కానీ అక్షరాలు మరీ చిన్నవి, పైగా రంగు బొమ్మ మీద అచ్చు వేస్తారు. కింద వత్తు ఉందో, బొమ్మలో గడ్డిపోచ ఉందో పెద్దవాళ్ళకే తెలియట్లేదు. పొడవాటి మాట వరస చివర విరిగి సగం కిందికి పోతుంది, పాప అక్కడ ప్రతిసారీ తప్పుతుంది. వారానికి ఒక్క కథ, వంద మాటలు మించకుండా, తెల్ల కాగితం మీద నల్లటి పెద్ద అక్షరాలతో, మాట విరవకుండా వేయగలరా? మూడు కథల చోటు దానికే పోయినా ఫర్వాలేదు, మేం ఎలాగూ ఒక్కదాన్నే వారమంతా చదువుతాం.

ఇట్లు,
రెండో తరగతి పాప తండ్రి