ఘాట్ రోడ్డు బండ్లలో ఆల్టర్నేటర్ బెల్టు బిగింపు గురించి

సంపాదకులకు నమస్కారం.

సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి, సిమిలిగుడ దాటి కోరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారిపై బండ్లు చెడిపోయిన వార్తలు వానాకాలంలో మీ జిల్లా పేజీల్లో తరచు వస్తుంటాయి. ఆ వార్తల్లో అతివేగం, ఓవర్‌లోడు, రోడ్డు గుంతలు ప్రస్తావనకు వస్తాయి గాని, పాత డీజిలు బండి బానెట్ ఎత్తగానే ఎదురుగా కనిపించే రబ్బరు బెల్టు సంగతి ఎక్కడా రాదు. జయపురం, కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో ఇప్పటికీ పాత సుమోలు, జీపులు, అక్కడక్కడా డీజిలు అంబాసిడర్లు తిరుగుతున్నాయి. వీటిలో ఆల్టర్నేటరును, అంటే కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జి చేసే యంత్రాన్ని, తిప్పే ఈ బెల్టును బిగించే పద్ధతి మారాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

బెల్టు వదులైతే బ్యాటరీ చార్జి కాదని అందరికీ తెలుసు. అంతటితో ఆగదన్నది చాలామంది యజమానులు గమనించని విషయం. ఇలాంటి ఇంజన్లలో ఎక్కువ భాగం అదే బెల్టు ఇంజనును చల్లబరిచే నీటిని తిప్పే వాటర్ పంపును కూడా తిప్పుతుంది కాబట్టి, బెల్టు జారితే ఎక్కుడులో ఇంజను వేడెక్కుతుంది. దానికంటే ముఖ్యమైనది బ్రేకు. పెట్రోలు ఇంజనుకు ఉన్నట్టుగా డీజిలు ఇంజనుకు గాలి దారిలో థ్రాటిల్ అడ్డు ఉండదు, అందువల్ల కాలి బలానికి తోడుగా బ్రేకును నొక్కే బ్రేక్ బూస్టరుకు కావలసిన వ్యాక్యూమ్ (గాలి లేని స్థితి) దానంతట అది పుట్టదు, వేరే పంపు పెట్టాలి. చాలా పాత డీజిలు బండ్లలో ఆ పంపు ఆల్టర్నేటరు వెనుక భాగానికే బిగించి ఉంటుంది. అలాంటి బండిలో బెల్టు తెగితే బూస్టరులో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండుసార్లు బ్రేకు తొక్కడానికి సరిపోతుంది, ఆ తరువాత పెడలు రాయిలా గట్టిపడుతుంది. కోరాపుట్ పీఠభూమి నుంచి సాలూరు మైదానానికి దిగే మలుపుల్లో ఆ స్థితి ఎంత ప్రమాదమో ఈ ప్రాంతపు డ్రైవర్లకు చెప్పనక్కరలేదు. కనుక బెల్టు బిగింపును కరెంటు పనిగా కాక బ్రేకు పనిగా చూడాలని నా గట్టి అభిప్రాయం.

బెల్టు మీద పడే భారం తక్కువేమీ కాదు. 14 వోల్టుల దగ్గర 55 ఆంపియర్లు ఇచ్చే ఆల్టర్నేటరు 770 వాట్ల కరెంటు ఇస్తుంది. దాని సామర్థ్యం 50, 60 శాతం మధ్య ఉంటుంది కాబట్టి బెల్టు నుంచి దాదాపు రెండు హార్స్ పవర్ లాగుతుంది. చలికాలపు ఉదయాన ఇంజనును వేడి చేసి స్టార్టు చేసే హీటర్ ప్లగ్గులు, సెల్ఫ్ కలిసి బ్యాటరీని తోడేసిన వెంటనే ఆల్టర్నేటరు పూర్తి బలంతో చార్జి చేయడం మొదలుపెడుతుంది, సరిగ్గా అప్పుడే బెల్టు కీచుమంటుంది. ఆల్టర్నేటరు మీద బెల్టు తిరిగే చిన్న చక్రం, అంటే పుల్లీ, చుట్టూ బెల్టు తక్కువ భాగమే తాకి ఉంటుంది కనుక జారడం అక్కడే మొదలవుతుంది. జారిన బెల్టు పక్కలు వేడికి అద్దంలా నునుపెక్కి, ఆ తరువాత ఎంత బిగించినా పట్టు ఇవ్వవు. కీచుమన్న బెల్టుకు సబ్బు రుద్దడం, మైనం పూయడం మన దగ్గర అలవాటుగా ఉంది. దానివల్ల శబ్దం పోతుందే గాని జారుడు పోదు, పైగా రోగం కనిపించకుండా పోతుంది.

పాత బండ్లలో ఆల్టర్నేటరు కింద ఒక ఇరుసు బోల్టు మీద తిరుగుతుంది, పైన పొడవాటి గాడి ఉన్న ఇనుప పట్టీలో ఇంకొక బోల్టుతో నిలుస్తుంది. మెకానిక్ రెండు బోల్టులూ వదులు చేసి, ఇంజనుకూ ఆల్టర్నేటరుకూ మధ్య రాడ్డు దూర్చి ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో పానా తిప్పుతాడు. బిగింపు అతని భుజబలాన్ని బట్టి ఉంటుంది. రాడ్డు ఆల్టర్నేటరు వెనుక కవచం మీద ఆనితే అల్యూమినియం పగులుతుంది. భయంతో గట్టిగా లాగితే ఆల్టర్నేటరు బేరింగు, వాటర్ పంపు బేరింగు త్వరగా అరిగిపోతాయి. తక్కువ లాగితే డీజిలు ఇంజను అదురుకు పై బోల్టు గాడిలో కొద్దికొద్దిగా జారుతూ బెల్టు వదులవుతుంది. ఇందులో మెకానిక్ నైపుణ్యాన్ని తప్పుపట్టడం అన్యాయం, లోపం ఆ అమరికలోనే ఉంది.

అనేక జపాను కార్లలో రాడ్డుతో పనిలేకుండా మర బోల్టు అమరిక కంపెనీ నుంచే వస్తుంది. అలాంటిదే మన లేత్ షాపుల్లో సులభంగా చేయించుకోవచ్చు. తల గుండ్రంగా ఉండి, ఆ తల మధ్యలో రంధ్రమున్న 8 మిల్లీమీటర్ల గట్టి ఉక్కు బోల్టు ఒకటి తీసుకుని, ఆ రంధ్రాన్ని పట్టీ బోల్టుకు తొడగాలి. పట్టీ బయటి చివర ఒక చిన్న మందపాటి యాంగిల్ ముక్కను వెల్డింగు చేసి, అందులో కొంచెం వదులుగా ఉండే రంధ్రం గుండా బోల్టు కాడను అవతలికి తీయాలి. అవతల నట్టు తిప్పుతుంటే ఆల్టర్నేటరు బయటికి లాగబడుతుంది. ఆ బోల్టు మర సాధారణంగా 1.25 మిల్లీమీటర్ల అంతరంతో ఉంటుంది కాబట్టి, నట్టును పావు చుట్టు తిప్పితే కదలిక మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. రాడ్డుతో ఆ సున్నితం ఎంతటి మేస్త్రికైనా సాధ్యం కాదు. బెల్టు సరైన బిగువుకు వచ్చాక ముందు పట్టీ బోల్టు, తరువాత ఇరుసు బోల్టు బిగించి, చివర రెండో నట్టుతో మొదటి నట్టును కదలకుండా ఆపాలి. వెల్డింగు మాత్రం పట్టీని బండి నుంచి విప్పి బయట పెట్టి చేయాలి. బ్యాటరీ కలిపి ఉండగా బండి మీదనే వెల్డింగు పెడితే ఆల్టర్నేటరు లోపలి డయోడ్లు కాలిపోయే ప్రమాదం ఉంది. పానా పెట్టేముందు బ్యాటరీ నెగిటివ్ తీగ తీయడం కూడా తప్పనిసరి, ఆల్టర్నేటరు వెనుక పెద్ద టెర్మినలులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది.

ఈ అమరిక ఒక్కటే అన్ని లోపాలనూ తీర్చదు. ఇరుసు బోల్టు బుష్ అరిగితే ఆల్టర్నేటరు వాలి, పుల్లీలు ఒకే వరుసలో ఉండవు, అప్పుడు కొత్త బెల్టు కూడా ఒక పక్క తినేసుకుంటుంది. పుల్లీల ముఖాల మీద తిన్నని బద్ద ఆనించి చూస్తే అది తెలిసిపోతుంది. వ్యాక్యూమ్ పంపుకు ఇంజను ఆయిల్ వెళ్లే గొట్టం కారినా ఆ నూనె బెల్టు మీదికి చేరుతుంది. బిగువు చూడడానికి కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కొలతే ప్రమాణం. అది దొరకనప్పుడు పుల్లీల నడుమ బెల్టు పొడవాటి భాగం మధ్యలో బొటనవేలితో సుమారు 10 కిలోల బలంతో నొక్కితే 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగడం వీ ఆకారపు బెల్టులకు సాధారణంగా సరిపోతుంది. కొత్త బెల్టు గాడిలో కుదురుకునే కొద్దీ వదులవుతుంది, అందువల్ల కొద్దిసేపు ఇంజను నడిపాక ఒకసారి, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరోసారి చూడాలి. ఇంజను నడుస్తూ హెడ్‌లైట్లు వేసి ఉండగా బ్యాటరీ దగ్గర మీటరు 14 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తే ఆల్టర్నేటరు తన పని చేస్తున్నట్టే.

జయపురం, రాయగడ గ్యారేజీల్లో పనిచేసే తెలుగు మెకానిక్‌లలో చాలామంది మేస్త్రి పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవారు. వారికి ఇంగ్లీషు మాన్యువల్ అందదు, మీ పత్రిక మాత్రం గ్యారేజీ బల్ల మీద రోజూ ఉంటుంది. కాబట్టి ఏటా తొలకరికి ముందు ఈ విషయంపై ఒక అనుభవజ్ఞుడైన మెకానిక్ చేత బొమ్మతో సహా వివరంగా రాయించి ప్రచురించాలని మనవి. రవాణా శాఖవారు టాక్సీ పర్మిట్ బండ్ల ఫిట్‌నెస్ పరీక్షలో బెల్టును చేత్తో నొక్కి చూసే పద్ధతిని తప్పనిసరి చేయాలని, ఐటీఐలలో మోటారు మెకానిక్ విద్యార్థుల చేత ఈ మర బోల్టు అమరికను చేయించాలని కూడా మీ ద్వారా కోరుతున్నాను. మీరు వేయించే బొమ్మలో బోల్టులు బిగించే వరుస స్పష్టంగా ఉండాలి, వెల్డింగు హెచ్చరిక పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా.