విద్యాశాఖ మంత్రి గారికి: మావాడి అర్జీ ఏం పరిష్కారమైందో చెప్పండి

మంత్రి గారికి నమస్కారం.

మావాడికి బళ్ళో స్నేహితులు లేరు, పిల్లలతో కలవడం నేర్పించండి అని అర్జీ పట్టుకుని నాలుగు సోమవారాలు అర్జీల లైన్లో నిలబడ్డాను. నాలుగుసార్లూ ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. మొదటిసారి నిజమే అనుకుని సాయంత్రం బడి గేటు దగ్గరికి పరుగెత్తాను. అందరూ గుంపులుగా వస్తుంటే మావాడు గోడ పట్టుకుని ఒక్కడే వస్తున్నాడు, రోజూలాగే.

వాడు నాలుగో తరగతి. ఆటిజం సర్టిఫికెట్ ఉంది. ఎక్కాలు ఇరవై దాకా గడగడా చెబుతాడు. రానిదల్లా పక్కవాడితో కలవడం. ఎవరైనా కనబడితే గోదావరి ఎక్స్‌ప్రెస్ స్టేషన్లు మొదలుపెడతాడు: దువ్వాడ, అనకాపల్లి, తుని, అన్నవరం... సామర్లకోట వచ్చేసరికి ఎదుటివాడు ఉండడు. ఆటకి పంటలు వేసేటప్పుడు వీణ్ణి ఎవరూ లెక్కపెట్టరు. ఆటలో అరటిపండుగా తీసుకున్నా సంతోషించేదాన్ని.

మధ్యాహ్న భోజనంలో మీరిచ్చే గుడ్డు సంగతి చెప్పాలి. చాలా రోజులు వాడు తిననే లేదు. పక్కన కూర్చున్నందుకు ఒక అబ్బాయికి ఇచ్చేస్తున్నాడు. గుడ్డు అయిపోగానే ఆ అబ్బాయి ప్లేటు తీసుకుని లేచిపోతాడట. ‘శనివారం గుడ్డు ఉండదు కదమ్మా, అందుకే వాడు రాడు’ అని మావాడు నాకు మామూలుగా చెప్పాడు. ఆ అబ్బాయిని తిట్టలేను, వాడూ పిల్లాడే. అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లు, వాళ్ళనీ ఏమీ అనలేను.

ఆఫీసులో మాత్రం ‘స్నేహితులు లేకపోవడం కూడా సమస్యేనా అమ్మా, పెద్దయితే వాళ్ళే కలుస్తారు’ అన్నారు. ఇంకో బల్ల దగ్గర, ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత సెంటర్‌కి తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్ళాను సార్. 14 కిలోమీటర్లు, రెండు ఆటోలు, ఒక రోజు కూలి పోయింది. అక్కడి మేడం మంచిది, ఓపికగా చెబుతుంది. కానీ వాడితో కలవాల్సిన పిల్లలు అక్కడ లేరు కదా, వాళ్ళంతా మా ఊరి బళ్ళో ఉన్నారు. స్నేహం నేర్పడానికి బడి మాన్పించి తీసుకెళ్ళడం ఏమిటో నాకు అర్థం కాలేదు. మీకు అర్థమైతే చెప్పండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌లో ఆటపాటల్లో కూడా మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలని రాశారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రైమరీలో పదిమందికో స్పెషల్ టీచర్ ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. నేను పదిమందికి ఒకరిని అడగడం లేదు. వారానికి రెండు రోజులు ఆ భవిత సెంటర్ మేడమ్‌నే మా బడికి పంపండి. ఇంటర్వెల్‌లో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, వీడితో ఎలా ఆడాలో వాళ్ళకీ, వాళ్ళతో ఎలా ఆడాలో వీడికీ చూపిస్తే చాలు.

2024 డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కి అమ్మానాన్నలందరినీ పిలిచారు, సంతోషం. తల్లులకు ఆటల పోటీలు పెట్టారు. నన్ను కూడా ఒక జట్టులో వేసుకున్నారు. మావాడు గోడ దగ్గర నిలబడి చూశాడు.

వచ్చే సోమవారం అయిదోసారి వస్తున్నాను. ‘పరిష్కరించబడింది’ అని నొక్కేముందు మీవాళ్ళని ఒక్కసారి మా బడికి ఫోన్ చేసి, ఈరోజు మావాడి పక్కన ఎవరు కూర్చుని తిన్నారో కనుక్కోమనండి. శనివారం చేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక నాలుగో తరగతి పిల్లవాడి తల్లి