సముద్రపు ఆవు మరణ ధృవీకరణ పత్రం

అమ్ములూ,

నీ సెమినార్ స్లైడ్లు చూశాను. బొమ్మలు బాగున్నాయి, మ్యాప్ ఇంకా బాగుంది. నా పేచీ అంతా చివరి స్లైడుతోనే. స్టెల్లర్ సముద్రపు ఆవు ఎందుకు అంతరించిపోయిందో చెప్పడానికి మూడు కారణాలు వరసగా రాసి, కింద "ఇవన్నీ కలిసి కారణం కావచ్చు" అని తేల్చేశావు. మీ సార్ దానికి మార్కులు వేస్తారేమో. కానీ మరణ కారణాలు రాయడమే ఉద్యోగంలో సగమైన అమ్మను ఇంట్లో పెట్టుకుని నువ్వు అలా రాస్తే నేను ఊరుకోగలనా?

మా ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే నింపే ఫారం నువ్వు చిన్నప్పుడు నా టేబుల్ మీద చూసే ఉంటావు. అందులో కారణం రాయడానికి రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో పై వరసలో ప్రాణం తీసిన తక్షణ కారణం రాయాలి. దాని కింద, అది దేనివల్ల వచ్చిందో, ఆ వచ్చినది మళ్ళీ దేనివల్ల వచ్చిందో, గొలుసులా దిగాలి. రెండో భాగం వేరే. మనిషికి ముందు నుంచీ ఉండి, చావుకు తోడ్పడి, ఆ గొలుసులో మాత్రం లేని జబ్బులు అక్కడ రాయాలి. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లు తరచుగా పై వరసలో "గుండె ఆగిపోవడం" అని రాసుకొస్తారు. చచ్చిపోయిన ప్రతివాడికీ గుండె ఆగుతుంది కదా, అది కారణం ఎలా అవుతుందని వెనక్కి పంపిస్తాను. "సంఖ్య బాగా తగ్గిపోవడం వల్ల అంతరించింది" అన్న నీ రెండో స్లైడు వాక్యం కూడా సరిగ్గా ఆ బాపతే.

అందుకని ఈసారి నీ కేసు షీటు నేను రాస్తాను, చదువు.

1741 నవంబరులో వైటస్ బేరింగ్ నడిపిన 'సెయింట్ పీటర్' ఓడ అలాస్కా తీరం చూసి తిరిగి రష్యా తూర్పు కొసనున్న కమ్చాట్కాకు వస్తూ, దారి తప్పి మనుషులు లేని ఒక దీవి దగ్గర చిక్కుకుపోయింది. దాన్నే ఇప్పుడు బేరింగ్ దీవి అంటున్నాం. ఓడలో చాలామందికి అప్పటికే సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ ముదిరింది. డిసెంబరులో బేరింగ్ అక్కడే చనిపోయాడు. చివరికి ఆ దీవి నుంచి ప్రాణాలతో బయటపడింది 46 మంది. వాళ్ళలో ఒకడు గియోర్గ్ విల్‌హెల్మ్ స్టెల్లర్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త. సముద్రపు ఆవును బతికుండగా చూసి, కొలిచి, కోసి, వివరంగా రాసిపెట్టిన శాస్త్రవేత్త అతనొక్కడే. తర్వాతి వాళ్ళు చూశారు గానీ, చూసింది తినడానికి.

అతని వర్ణన నీ స్లైడులో ఒక్క లైనే ఉంది. అన్యాయం. ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది నుంచి పది టన్నుల బరువు ఉండే జంతువు అది. పళ్ళు లేవు, వాటి స్థానంలో గట్టి పలకలున్నాయి. ముసలి చెట్టు బెరడులాంటి చర్మం. ఒడ్డుకు దగ్గరగా, లోతు లేని నీళ్ళలో గుంపులుగా తేలుతూ పెద్ద సముద్రపు నాచు, అదే కెల్ప్, మేసేది. నాలుగైదు నిమిషాలకోసారి తల పైకెత్తి గుర్రంలా ముక్కుతో బుస్సుమని గాలి పీల్చేది. వీపు నీళ్ళపైనే ఉండేది గనుక పక్షులు దాని మీద వాలి చర్మంలోని పురుగులు ఏరుకునేవి. పూర్తిగా మునగలేదు, మనిషిని చూసి పారిపోదు. చంపిన ఆడదాని కోసం మగది మర్నాడూ, ఆ మర్నాడూ ఒడ్డు దగ్గరకు వచ్చిందని స్టెల్లర్ రాశాడు. చలికాలంలో అవి పక్కటెముకలు బయటపడేంత చిక్కిపోయేవని కూడా రాశాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకో, దీనితో తర్వాత పని ఉంది.

1742 వేసవిలో వాళ్ళు దాన్ని పట్టడం నేర్చుకున్నారు. పడవలో వెళ్ళి ఇనుప కొక్కెం దింపడం, ఒడ్డున ముప్పై మంది నిలబడి తాడు లాగడం. మాంసం గొడ్డు మాంసంలా ఉందట. కొవ్వు బాదం నూనెలా ఉండి, ఎండలో పెట్టినా కంపు కొట్టలేదట. ఆ బలంతో ఓడ చెక్కలతోనే చిన్న పడవ కట్టుకుని ఆగస్టులో బయలుదేరి కమ్చాట్కా చేరారు. స్టెల్లర్ 1746లో, నలభై ఏళ్ళయినా నిండకుండా, సైబీరియాలో చనిపోయాడు. అతని పుస్తకం 1751లో వచ్చింది. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికే జంతువు సగం దారిలో ఉంది.

ఎందుకంటే వాళ్ళు మోసుకొచ్చిన అసలు వార్త సముద్రపు ఆవు గురించి కాదు. వందలకొద్దీ సముద్రపు నీటికుక్కల తోళ్ళు తెచ్చారు. ఈ నీటికుక్క మన కోరింగ మడ అడవుల్లో తిరిగేదానికి దూరపు చుట్టం. దాని బొచ్చుకు చైనాలో మంచి ధర పలికేది. 1743 నుంచే రష్యన్ తోళ్ళ వేటగాళ్ళు ఆ దీవులకు బారులు కట్టారు. 1743కీ 1763కీ మధ్య బేరింగ్ దీవిలో 19 జట్లు, మొత్తం 670 మంది దాకా చలికాలం గడిపారని స్టెజ్‌నెగర్ అనే పరిశోధకుడు పందొమ్మిదో శతాబ్దంలో లెక్క కట్టాడు. అక్కడే బస చేసి ఇంకా తూర్పున అల్యూషియన్ దీవులకు వెళ్ళే జట్లకు అది కిరాణా కొట్టయింది. పక్కనే ఉన్న మెద్నీ దీవిలో 1754 నాటికే ఒక్క సముద్రపు ఆవు కూడా మిగలలేదు. అది చూసి యాకొవ్‌లెవ్ అనే గనుల ఇంజనీరు 1755లో కమ్చాట్కా అధికారులకు అర్జీ పెట్టాడు, ఈ వేట ఆపించండి అని. ఫలితం లేదు. చివరిదాన్ని 1768లో చంపినట్టు రికార్డయింది. కనుక్కున్నాక 27 ఏళ్ళు.

ఇక వాదనలకు వద్దాం. మొదటిది సూటి వాదన: తిన్నారు, అయిపోయింది. 2006లో టర్వీ, రిస్లీ అనే ఇద్దరు ఆనాటి వేట రికార్డులు తీసుకుని, దాని దగ్గరి చుట్టం డుగాంగ్ ఎంత నిదానంగా పిల్లల్ని కంటుందో అన్నది కలిపి లెక్క వేశారు. ఆ జాతి తట్టుకోగలిగిన దానికి ఏడు రెట్లకు మించి వేట జరిగిందని తేలింది. ఎంతగా అంటే, స్టెజ్‌నెగర్ అన్నట్టు మొదట 1500కు మించి లేకపోతే అవి 1768 దాకా కూడా ఉండకూడదు. ఇందులో నన్ను బాగా కుదిపింది వృథా. ముప్పై మంది తాడు లాగిన స్టెల్లర్ జట్టు వేరు. తర్వాత వచ్చినవాళ్ళు కొద్దిమంది చొప్పున ఈటెలతో పొడిచేవారు. గాయపడింది సముద్రంలోకి పోయి చచ్చేది, లేదా కుళ్ళాక ఒడ్డుకు కొట్టుకొచ్చేది. తిన్నదానికంటే పారేసిందే ఎక్కువ.

రెండో వాదన తెలివైనది, నాకు ఇష్టమైనది కూడా. నీటికుక్కలు సీ అర్చిన్లను తింటాయి. ఈ ముళ్ళ బంతులు కెల్ప్‌ను మేస్తాయి. నీటికుక్కల్ని తోళ్ళ కోసం తుడిచిపెట్టేస్తే సీ అర్చిన్లు పుట్టలు పుట్టలుగా పెరిగి కెల్ప్‌ను నమిలేస్తాయి, సముద్రపు ఆవు ఆకలితో చస్తుంది. 1990ల్లో అల్యూషియన్ దీవుల దగ్గర నీటికుక్కలు పడిపోయినప్పుడు కెల్ప్ అడవులు కొద్ది ఏళ్ళలోనే బోసిపోయాయి. ఆ లెక్కలు పట్టుకుని ఎస్టెస్ బృందం 2016లో ఇంకో అడుగు ముందుకేసింది: వేటగాళ్ళు సముద్రపు ఆవును ముట్టుకోకపోయినా, నీటికుక్కలు పోయాక అది ఎలాగూ పోయేదని. చలికాలంలో పక్కటెముకలు తేలే జంతువుకు మేత ఇంకాస్త తగ్గితే ఏమవుతుందో ఊహించు. అందుకే దాన్ని గుర్తు పెట్టుకోమన్నాను. కానీ అలా చిక్కిపోయిన వాటిని స్టెల్లర్ చూసింది నీటికుక్కలు ఇంకా పుష్కలంగా ఉన్న రోజుల్లో! కాబట్టి ఆ ఎముకలు కరువుకు సాక్ష్యం కావు. అక్కడి చలికాలం అలాంటిదని మాత్రమే చెబుతాయి.

"పోయేది" అనడం, "పోయింది" అనడం ఒకటి కాదు. ఆకలి చంపేలోపు ఈటె చంపితే పై వరసలో ఈటె అనే రాస్తాను. ముదిరిన టీబీ ఉన్న మనిషిని లారీ గుద్దితే నేను పై వరసలో టీబీ రాయను. వాడు ఆరు నెలల్లో పోయేవాడేనని లారీ తరఫు లాయరు ఎంత అరిచినా సరే. టర్వీ, రిస్లీల లెక్క ప్రకారం ఆ ఈటెలు ఒక్కటే సరిపోయాయి, మిగులుతో సహా.

మూడో వాదన కొత్తది, జన్యువులది. 2021లో ఒక రష్యన్ బృందం దాని జీనోమ్, అంటే మొత్తం జన్యువుల పట్టీ, చదివి, ఆ జాతి సంఖ్య సుమారు ఐదు లక్షల ఏళ్ళ కిందటి నుంచే తగ్గుతూ వచ్చిందనీ, జన్యు వైవిధ్యం ఆర్కిటిక్‌లోని రాంగెల్ దీవిలో చివరగా మిగిలిన మామత్‌లంత, అదే అంతరించిన బొచ్చు ఏనుగులంత, తక్కువగా ఉందనీ చెప్పింది. మనుషులు రాకముందే అంతరించడం మొదలైందని వాళ్ళ మాట. నీ స్లైడులో దీనికి పెద్దపీట వేశావు. కొత్త పేపరంటే నీకు మోజు, నాకు తెలుసు.

నిజమే, ఒకప్పుడు అది జపాను నుంచి కాలిఫోర్నియా దాకా పసిఫిక్ అంచంతా ఉండేది. అలాస్కాకు చెందిన సెయింట్ లారెన్స్ దీవి దగ్గర వెయ్యేళ్ళ కిందటి దాకా ఉందని ఎముకలు చెబుతున్నాయి. అక్కడ ఎందుకు పోయిందో అన్న దానికీ ఇదే తగవు. వాతావరణం వేడెక్కిన కాలమూ, తిమింగలాలను వేటాడే మనుషులు విస్తరించిన కాలమూ ఇంచుమించు ఒకటే అయ్యాయి. ఎలాగైతేనేం, 1741 నాటికి రెండు దీవుల చుట్టూ తప్ప ఎక్కడా లేదు. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ ఐదు లక్షల ఏళ్ళు తగ్గుతూ కూడా బతికే ఉన్నదాన్ని చావుబతుకుల్లో ఉన్నట్టు చెబితే ఎలా? ఉత్తర ఏనుగు సీల్ సంగతి చూడు. పందొమ్మిదో శతాబ్దం చివరికి వంద కూడా మిగల్లేదు. జన్యు వైవిధ్యం ఇప్పటికీ అంతంతమాత్రమే, సంఖ్య మాత్రం లక్ష దాటింది. వేట ఆపారు, అంతే. ఆ తోళ్ళ వేటకు అసలు గురి అయిన సముద్రపు నీటికుక్క కూడా రెండు వేలకు మించి లేదనుకున్న దశ నుంచి, 1911 ఒప్పందంతో రక్షణ దొరికాక మళ్ళీ పుంజుకుంది.

సెమినార్‌లో నువ్వు పట్టుకోవాల్సిన ప్రశ్న ఇదని నాకనిపిస్తుంది: తోలు కోసం వెంటపడి చంపిన నీటికుక్క మిగిలింది, దారి భోజనంగా చంపిన ఆవు మిగల్లేదు, ఎందుకు? నీటికుక్క చాలా చోట్ల చెదురుమదురుగా దాక్కుని ఉంది, ఏడాదికో పిల్లను కనగలదు. సముద్రపు ఆవు రెండు దీవుల్లోనే ఉంది. డుగాంగ్ లాంటిదే అనుకుంటే, ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య చాలా ఏళ్ళు పడుతుంది. పైగా మునిగి దాక్కోలేదు.

కాబట్టి నేనైతే ఫారం ఇలా నింపుతాను. మొదటి భాగం, పై వరస: వేట, అందులోనూ వృథా వేట. దాని కింద: తోళ్ళ వ్యాపారం. రెండో భాగం: రెండు దీవులకు కుంచించుకుపోయిన చిన్న జనాభా, తక్కువ జన్యు వైవిధ్యం, నిదానంగా సాగే సంతానం. కెల్ప్ తరుగుదలను కూడా అక్కడే రాసి పక్కన ప్రశ్నార్థకం పెడతాను. ఒక విషయం చూశావా, కెల్ప్ వాదన గెలిచినా రెండో వరస మారదు. నీటికుక్కను చంపిందీ, ఆవును చంపిందీ ఒకే జట్లు. వేట వాదనకూ కెల్ప్ వాదనకూ మధ్య పోటీ నువ్వు స్లైడులో గీసినంత పెద్దది కాదు. అసలు పోటీ జన్యువుల వాదనతోనే, అక్కడ గట్టిగా నిలబడు.

మీ సార్ ఒప్పుకోకపోతే పోనీ, వాదించు. జన్యువుల మాట వచ్చింది గనుక నాకు బాగా నచ్చినది ఒకటి చెప్పనీ. 2022లో ఇంకో బృందం ఆ బెరడు చర్మానికి కారణం వెతికింది. ఏ జన్యువులు చెడితే మన దగ్గర పిల్లలు చేప పొలుసుల్లాంటి చర్మంతో, ఇక్థియోసిస్‌తో పుడతారో, ఆ లైపాక్సిజనేజ్ జన్యువులే ఈ జంతువులో పనిచెయ్యకుండా పోయాయట. మా వార్డులో అలాంటి బిడ్డ పుడితే తల్లికి ఏం చెప్పాలో తెలియక తడబడతాం. అదే లోపం చల్లటి సముద్రంలో ఈ జంతువుకు కవచం అయి ఉండొచ్చు. స్లైడు ఒకటి దీనికి ఖాళీ చెయ్యి, టైటిల్ స్లైడు మీద తాటికాయంత అక్షరాలు ఎటూ అక్కర్లేదు.

ఎవరైనా ఇండియా సంగతేమిటని అడిగితే డుగాంగ్ ఉందని చెప్పు. తమిళనాడు 2022లో పాక్ బే దగ్గర 448 చదరపు కిలోమీటర్లలో దానికోసం రిజర్వు ప్రకటించింది. అక్కడ నాచు బదులు సముద్రపు గడ్డి, ఈటెల బదులు వలలు. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో నువ్వే చూసుకో.

శనివారం నాకు నైట్ డ్యూటీ, ఆదివారం మధ్యాహ్నం దాకా ఫోన్ చెయ్యకు. మార్చిన స్లైడ్లు ఆ లోపు పంపితే లేవగానే చూస్తాను. నాన్న ఊరగాయ సీసా పంపమన్నారు, బస్సులో పెట్టించాను, మూత వదులైంది, జాగ్రత్తగా తియ్యి.

అమ్మ