ఎనిమిది గళ్లలో ‘స్త్రీ’ పట్టదు

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు, వీడియో గేమ్‌లు అనగానే పత్రికల్లో వ్యసనం, జూదం తప్ప మరో మాట కనిపించడం లేదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆటల మీద 2025లో కేంద్రం చట్టం తెచ్చింది. రెండూ మంచి పనులే. కానీ ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల, అసలు అడగవలసిన సంగతి ఒకటి, పిల్లల ఆటల్లో తెలుగు అక్షరం ఎందుకు కనబడదన్నది, మరుగున పడిపోతోంది.

దసరా సెలవులకు నల్లగొండ నుంచి వచ్చిన మా మనవరాలు నా పాత కంప్యూటర్‌లో ఒక ప్లాట్‌ఫామ్ గేమ్ పెట్టింది. గెంతుతూ, మెట్లెక్కుతూ, ముళ్లు తప్పించుకుంటూ పోవడమే అందులో పని. ఆట కొత్తదే కానీ బొమ్మలు మాత్రం పాతకాలం తీరున గళ్లుగళ్లుగా ఉంటాయి. దాని పేరు చెప్పను, నేను చెప్పబోయే లోపం దానొక్కదానిది కాదు. కాచిగూడలో ముప్పయ్యేళ్లు డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకూర్పు) చేసినవాణ్ని, తెర మీది చుక్కలతో (పిక్సెల్స్‌తో) రూపం కట్టడమంటే నాకు మమకారం. ఊరికే చూద్దామని పక్కన కూర్చున్నవాణ్ని మూడు రోజులు లేవలేదు.

ఆ బొమ్మల పొదుపు చూసి తీరాలి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో మేఘానికీ పొదకీ ఒకటే బొమ్మ, రంగు ఒక్కటే వేరు. అందులో కథానాయకుడు మారియోకి మీసం, టోపీ పెట్టిందీ సోకు కోసం కాదు, నోరూ జుట్టూ గీయడానికి చుక్కలు చాలక. ఇప్పుడు చుక్కలకు కరువు లేకపోయినా ఈ కొత్త ఆట వాళ్లు ఆ కట్టుబాటును కావాలనే పెట్టుకున్నారు. కథానాయిక కన్ను రెండే చుక్కలు. అందులో ఒకటి చెరిపితే ఆ పిల్ల భయపడినట్టు తెలిసిపోతుంది! చుక్కల ముగ్గు వేసేవారికీ, పోచంపల్లిలో గ్రాఫ్ కాగితం మీద చీర అంచు గీసేవారికీ ఇది కొత్త విద్యేమీ కాదు. గెంతు కూడా హాయిగా ఉంది. అంచు దాటాక రవ్వంత ఆలస్యంగా మీట నొక్కినా ఆట చూసీచూడనట్టు ఊరుకుని గెంతనిస్తుంది. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆటలోనూ ఇదే దయ ఉంది. ఆట వేగం తగ్గించుకునే వీలు కూడా అందులో ఇచ్చారు.

మా మనవరాలి ఆటలో ఆ రెండో దయ లేదు. కోటలో పడి చచ్చిన ప్రతిసారీ మూడు గదులు వెనక్కి పోవాలి, ముసలి కాపలావాడి ఉపన్యాసం మొదటినుంచి వినాలి. దాన్ని దాటవేసే మీట లేదు. సత్యనారాయణ వ్రతంలోనైనా కథకి అయిదు అధ్యాయాలే, ఈయన సోదికి అంతు లేదు.

ఇవన్నీ సహించవచ్చు. సహించలేనిది నాలుగో గదిలో జరిగింది. అక్కడి అగాధం ఎంత గెంతినా దాటలేం. పిల్ల రెండు రోజులు పడుతూనే ఉంది. ‘తాతయ్యా, ఇది మోసం ఆట’ అని చివరికి కీబోర్డు అవతలికి నెట్టేసింది. నేను కళ్లద్దాలు పైకి జరుపుకుని తెర దగ్గరికి వంగి చూస్తే, మూలన ఒక చెక్క పలక, దాని మీద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. మీట వదలకుండా నొక్కిపట్టి గెంతమని వాటి సారాంశం. తెలుగు గడగడ చదివే పిల్ల అది, ఇంగ్లీషు ఇంకా కూడబలుక్కుంటోంది. చదివి చెప్పాను. మొదటి గెంతుకే దాటేసింది.

ఇలాంటి ఆటల్లో తెలుగు ఎందుకు ఉండదో ఆ రాత్రి గ్రాఫ్ కాగితం తీసుకుని కూర్చున్నాక అర్థమైంది. పాత ఆటల్లో అక్షరానికి దక్కేది నిలువు ఎనిమిది, అడ్డం ఎనిమిది గళ్లు. ఇంగ్లీషు పెద్దక్షరాలు అందులో దర్జాగా కూర్చుంటాయి. మన ‘అ’ ఎలాగో ఇరుక్కుంటుంది. ‘ప’కీ ‘వ’కీ తేడా ఒక్క చుక్క ఖాళీ, ‘ద’కీ ‘ధ’కీ తేడా పొట్ట కింద ఒక్క గీత. ఇక ‘స్త్రీ’ అని రాయాలంటే పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. నిలువు పదహారు గళ్లు ఇచ్చాక గానీ చదవదగ్గ రూపం రాలేదు. దీనికి తోడు, గళ్ల అక్షరాలను ఇటుకల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే చాలా ఆటలకు తెలిసిన పద్ధతి. ఒత్తును తీసుకెళ్లి అక్షరం కింద కూర్చోబెట్టే సూత్రం అందులో ఉండదు. గురజాడ, తిమ్మన, రామభద్ర వంటి ఉచిత తెలుగు ఖతులు (ఫాంట్లు) ఉన్నాయి, చక్కగానూ ఉన్నాయి. కానీ అవి నున్నని వంపుల ఖతులు, ఇంత చిన్న గళ్లలోకి దింపితే అలుక్కుపోతాయి.

తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ఇమేజ్ పాలసీ ప్రకటించింది. దేశం నలుమూలల ఆట తయారీదారులు కలిసే ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ పలుమార్లు హైదరాబాద్‌లోని మన హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో జరిగింది. ఇంత చేసిన నగరం పదహారు గళ్ల తెలుగు ఖతి ఒకటి తయారు చేయించి, ఒత్తుల సూత్రంతో సహా ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఇవ్వలేకపోతుందా? భవనాలకయ్యే ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు. ప్రభుత్వ ప్రోత్సాహం అందుకునే ఆటలో కనీసం సూచనలైనా తెలుగులో ఉండాలనే షరతు దానితో పాటే పెట్టవచ్చు.

నేను గీసిన కాగితాలు నలభై దాకా ఉన్నాయి. అడిగినవారికి ఇస్తాను. ‘లక్ష్మి’లోని ‘క్ష్మి’ ఒక్కటే ఇంకా కుదరలేదు.

— ఒక విశ్రాంత డీటీపీ ఆపరేటర్, చిక్కడపల్లి, హైదరాబాద్