చిన్నాకి, ఆ కంటి పరీక్ష గురించి

గుంటూరు, బ్రాడీపేట

చిన్నా,

ఎలా ఉన్నావురా? ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. యార్డు రోడ్డు మీదుగా వెళ్తే మిరప ఘాటుకి ఒకటే తుమ్ములు. ఆవకాయ పెట్టేశాను, నీ జాడీ విడిగా ఉంచాను. మొన్న రజని పెళ్ళిలో పద్మ పిన్ని కలిసింది. నువ్వు గదిలో కూడా నల్ల కళ్ళద్దాలు తీయడం లేదని, డాక్టరు కంటి యాంజియోగ్రామ్, అదే రంగు మందు ఎక్కించి కంటి నాళాల ఫొటోలు తీసే పరీక్ష, రాస్తే ఆఫీసు పనుందని వాయిదా వేశావని ఆవిడ చెబితే తెలిసింది. సరేలే, ఈ ఉత్తరం నిన్ను తిట్టడానికి కాదు.

వంటింటి గోడలో పైపు మార్పించాం. పైకి గోడ బాగానే ఉంది, లోపల ఎన్నాళ్ళ నుంచి కారుతోందో! కంటి వెనక రక్తనాళాలూ అంతేరా. ఎరుపు తగ్గింది కదా అంటున్నావట. యువియైటిస్‌లో అంటే కంటి లోపలి వాపులో, కన్ను తెల్లగానే ఉన్నా వెనక పొర రెటీనాలో వాపు నడుస్తూనే ఉండొచ్చు, నొప్పి కూడా తెలియకపోవచ్చు. నాన్నగారికి అదే కదా అయింది.

అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఈ పరీక్షకే విజయవాడ వెళ్ళాం. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి, చేతి నరంలోకి ఫ్లోరసిన్ అనే పసుపు మందు ఎక్కించారు. పది పదిహేను సెకన్లలో కంట్లోకి చేరిపోతుందట. నీలం లైటు వేసి టకటకా ఫొటోలు తీశారు. మందు కారుతున్న చోట తెల్లగా మెరుస్తూ పాకడం డాక్టరుగారు స్క్రీన్ మీద చూపించారు. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఈయన మొహం, చేతులు అన్నీ పచ్చబడ్డాయి. కనకం అత్తయ్య గుమ్మంలోనే చూసి, "అయ్యో, తమ్ముడికి కామెర్లే!" అని నేలఉసిరి పసరు నూరి గ్లాసుడు పట్టించింది. ఈయన మొహమాటానికి తాగేశారు. రాత్రి బాత్రూంలోంచి ఒకటే కేక, మూత్రం నారింజ రంగులో వస్తోందని! ఒక రోజు అలాగే ఉంటుందని నర్సు చెబుతుంటే ఈయన వింటేగా. మర్నాటికి ఒళ్ళు మామూలైంది. తన పసరే పనిచేసిందని అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

సూది లేకుండా తీసే ఓసీటీ యాంజియోగ్రఫీ కూడా ఉందిలే. రక్తం కదలికను పట్టి నాళాల బొమ్మ తీస్తుంది, కానీ కారేది అందులో కనపడదు. అందుకే రంగు మందు పరీక్ష రాసుంటారు. కొందరికి వికారం వస్తుంది, కాసేపే. రొయ్యలకి నీకు దద్దుర్లు వచ్చేవి, అది ముందే చెప్పు. టీబీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే కూడా రాస్తే, కంటికీ ఊపిరితిత్తులకీ ఏం సంబంధమని వాదించకు. 1880లో హెన్రీ ఈల్స్ అనే డాక్టరు రాసిన కంటి నాళాల జబ్బొకటి ఉందని, మన దేశంలో అది కుర్రాళ్ళకే ఎక్కువని, టీబీకి ముడిపెట్టి చూస్తారని నాన్నగారు చదివి చెప్పారు. నీకు అదేనని కాదు, టెన్షన్ పడకు. చూపించుకోమంటున్నాను, అంతే.

బాగుందని చుక్కలు నీ అంతట నువ్వు ఆపేయకు. స్టెరాయిడ్ మందు మెల్లగా తగ్గించాలి, మధ్యమధ్యలో కంటి ప్రెషర్ చూపించుకోవాలి. సీసా బాగా కుదిపి వేసుకో, అడుగున మందు పేరుకుపోతుంది. నువ్వేమో తెరిచి రెండు చుక్కలు వేసుకుని పరిగెత్తే రకం.

పరీక్ష రోజు బండి తీయకు, కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది. మహేష్‌ని తోడు తీసుకెళ్ళు. వాడికి కుదరకపోతే నాన్నగారు వస్తారు. తేదీ ఏదో చెప్పు. మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యి.

అమ్మ