స్కీ క్లబ్ మెంబర్‌షిప్: వైజాగ్ వాళ్ళం డబ్బు కట్టేముందు

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

ఈమధ్య మీ పేపర్లో మంచు కొండల టూర్ల గురించి ఫోటోలతో సహా వేశారు, చూడ్డానికి చాలా బాగుంది. అది వచ్చిన వారంలోనే మా స్కూల్లో ముగ్గురు పేరెంట్స్ నా దగ్గరికి వచ్చారు. నేను పీఈటీని, పైగా శీతాకాలం వస్తే స్కీయింగ్‌కి పోతానని మా వీధిలో అందరికీ తెలుసు, అందుకని. ముగ్గురూ అడిగింది ఒకటే, ఢిల్లీ వైపు నేషనల్ స్కీ క్లబ్‌లు ఉన్నాయట కదా, మెంబర్‌షిప్ తీసుకుంటే పిల్లలకి పనికొస్తుందట కదా, "ఏటంటారు మేడమ్, కట్టేయమంటారా?" అని. గేటు దగ్గర నిలబడి నేను చెప్పిన నాలుగు ముక్కలు వాళ్ళకి సరిపోలేదు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కొంచెం పెద్దదైంది, కుదిరితే మొత్తం వేయండి.

ముందు స్పోర్ట్స్ కోటా సంగతి చెప్పేస్తా, ఎందుకంటే ముగ్గురిలో ఇద్దరి మనసులో ఉన్నది అదే. క్లబ్ వేరు, ఆటని అధికారికంగా నడిపే ఫెడరేషన్ వేరు అండి. కార్డు మీద నేషనల్ అని రాసి ఉన్నంత మాత్రాన మీ అమ్మాయి నేషనల్ ప్లేయర్ అయిపోదు. 2020 నుంచి ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ జరుగుతున్నాయి, లడాఖ్‌లోని లేహ్‌లోనూ కాశ్మీర్‌లోని గుల్మర్గ్‌లోనూ. అక్కడికి రాష్ట్రం టీముల్లో వెళ్ళాలి, ఆర్మీ వాళ్ళూ, టిబెట్ సరిహద్దు కాసే ఐటీబీపీ వాళ్ళూ కూడా దిగుతారు, వాళ్ళకి మంచు మీద ఉండటమే డ్యూటీ. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్ళింది ఒక్కడే, ఆరిఫ్ ఖాన్. గుల్మర్గ్ కింద టంగ్‌మర్గ్ అతనిది, నాన్నకి గుల్మర్గ్‌లో స్కీ షాపు, నడక వచ్చిన దగ్గర్నుంచీ మంచే. అలాంటి అబ్బాయి జెయింట్ స్లాలమ్‌లో, అంటే జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెంలో, 45వ స్థానంలో వచ్చాడు, అది మనకి ఎంతో గర్వం. 2018లో టర్కీలో కంచు పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్ కూడా మనాలి అమ్మాయే. మన పిల్లలు ఏడాదికి ఒక వారం వెళ్ళొచ్చి ఆ లెవెల్‌కి చేరతారని ఆశ పెట్టడం వాళ్ళకే అన్యాయం. అలాగని మన వాళ్ళకి మంచు కొండలు అందవని కూడా నేననను, పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు ఎక్కడివాడు, మన నెల్లూరు జిల్లావాడు. మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుని 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. వాళ్ళని పైకి తీసుకెళ్ళింది ట్రైనింగ్, ఏ క్లబ్ కార్డూ కాదు.

ఇక నా సంగతి. నేను మొదటిసారి 2015లో ఉత్తరాఖండ్‌లోని ఔలి వెళ్ళాను, ఏడు రోజుల కోర్సుకి. ఇక్కడ సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నిజాముద్దీన్‌లో దిగేసరికి ఒకటిన్నర రోజు, అక్కడి నుంచి హరిద్వార్, రిషికేశ్, ఆ తర్వాత జోషీమఠ్‌కి దాదాపు 250 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు మీద పగలంతా బస్సు, మొత్తానికి మూడో రోజు సాయంత్రానికి గానీ చేరలేదు. లంబసింగిలో గడ్డి మీద తెల్లగా పేరుకున్నది చూసి అదే మంచు అనుకున్నదాన్ని నేను. పొద్దున్నే ఎదురుగా నందాదేవి, కాళ్ళ కింద మోకాలి లోతు తెలుపు, ఏడుపు వచ్చేసింది నిజంగా. తర్వాత ఆ బూట్లు వేసుకున్నాక వేరే రకం ఏడుపు వచ్చింది, పిక్కల దాకా బిగించేస్తాయి, చీలమండ కదలదు. మొదటి రోజంతా అడ్డంగా అడుగులేసుకుంటూ వాలు ఎక్కడమే. రెండో రోజు స్నోప్లౌ, అంటే ముందు కొనలు దగ్గరగా, వెనక వెడల్పుగా పెట్టి ఆగడం. భయమేసినప్పుడల్లా వెనక్కి వాలిపోతాం కదా, అదే తప్పు, వెనక్కి వాలితే స్కీలు మన మాట వినవు, పిక్క ముందు ఎముక బూటుకి ఆనేలా ముందుకి వంగాలి. ఇది బుర్రకి వెంటనే ఎక్కింది గానీ ఒంటికి ఎక్కడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ కోర్సుకి ఏ మెంబర్‌షిప్పూ అక్కర్లేదని గమనించండి. ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ళవి, గుల్మర్గ్‌లో కేంద్ర టూరిజం శాఖ కింద ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ వాళ్ళవి, మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరున ఉన్న ఇన్‌స్టిట్యూట్ వాళ్ళవి, ఇలా సర్కారు కోర్సులు ఉన్నాయి, ఎవరైనా అప్లై చేసుకోవచ్చు. అసలు మంచు ఒంటికి పడుతుందో లేదో, పిల్లకి ఇష్టమో ఫోటోలు చూసి ముచ్చటో తెలియకుండా క్లబ్‌కి కట్టడం దండగ.

మరి నేనెందుకు చేరానంటారా. 2017లో ఒంటరిగా వెళ్ళాను, ఏ ఊరో ఏ షాపో చెప్పను. అద్దెకిచ్చే దగ్గర వాడు నా బూటు సైజు తప్ప ఇంకేమీ అడగలేదు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ అని ఉంటుంది, మనం పడినప్పుడు అది టక్కున వదిలేయాలి, వదలకపోతే అంత పొడుగు స్కీ మన కాలిని మెలితిప్పేస్తుంది. అది ఎంత బలానికి వదలాలో మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత బాగా చేస్తారు అన్నవన్నీ చూసి స్క్రూ తిప్పి పెట్టాలి. నాకు ముందు వాడుకున్న మగమనిషికి పెట్టిన సెట్టింగే ఉంచేశారు. చిన్న వాలు మీద, చాలా నెమ్మదిగా పడ్డాను, బైండింగ్ వదల్లేదు, మోకాలి లిగమెంట్ సాగిపోయింది. కిందకి తీసుకురావడానికి తోడు ఎవరూ లేరు. ఇంటికొచ్చి ఆరు వారాలు స్కూల్లో కుర్చీలో కూర్చుని విజిల్ ఊదాను. అప్పటికీ మా అమ్మ అంటూనే ఉంది, ఒక్కదానివే అంత దూరం ఎందుకే అని.

మరుసటి ఏడు ఒక క్లబ్‌లో చేరాను. పేరు అనవసరం, మంచీ చెడూ రెండూ రాయబోతున్నా కాబట్టి. మొదటి పొద్దున్న ఒక పెద్దాయన, ఆర్మీలో చేసి రిటైరైన ఆయన, నా స్కీలు చేతిలోకి తీసుకుని "బేటీ, బరువెంత?" అని అడిగారు. సిగ్గుపడకుండా సరిగ్గా చెప్పమన్నారు. స్క్రూడ్రైవర్ తీసి ఆయనే సెట్ చేసి, నన్ను వేసుకోమని, కాలు మెలితిప్పించి వదులుతుందో లేదో చూసి అప్పుడు పంపారు. నేను కట్టిన ఫీజుకి ఆ పది నిమిషాలు చాలు అనిపించింది. ఇన్నేళ్ళలో క్లబ్ వల్ల నాకు దక్కిన అసలు లాభం ఇలాంటిదే, మన లెవెల్ తెలిసిన మనుషులు పక్కన ఉండటం. మా బ్యాచ్‌లో ఆడవాళ్ళం ఏడుగురం ఉంటాం, ఒకే రూముల్లో, ఇంట్లో వాళ్ళకీ ధైర్యం. ఒకరు పడితే ఇంకొకరు ఆగుతారు.

గుల్మర్గ్‌లో అయితే ఇది ఇంకా ముఖ్యం. అక్కడి రోప్‌వేని గొండోలా అంటారు, దాని రెండో ఫేజ్ ఎక్కితే అఫర్వట్ కొండ మీద దాదాపు 4000 మీటర్ల దాకా తీసుకెళ్ళి దించుతుంది, మన కైలాసగిరి రోప్‌వే లాగా ఎక్కి ఫోటో దిగి రావడం అనుకుంటారు చాలామంది. పైన రెండు పక్కలా మంచు చరియలు విరిగిపడే వాలులే. 2024 ఫిబ్రవరిలో అక్కడ ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు కూడా. మా క్లబ్ వాళ్ళు పొద్దున్నే అవలాంచ్ బులెటిన్, అంటే మంచు చరియల హెచ్చరిక, చూసి గానీ కదలనివ్వరు, ట్రాన్స్‌సీవర్ (మంచులో కూరుకుపోతే మనం ఎక్కడున్నామో తెలిపే సిగ్నల్ పరికరం) లేనివాళ్ళని ఆఫ్-పిస్ట్ వైపు, అంటే సిద్ధం చేసిన దారి దాటి బయటికి, అడుగు వేయనివ్వరు, నన్ను రెండుసార్లు వద్దన్నారు, అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు లేదు.

ఇంకో లాభం మన వైజాగ్ వాళ్ళకే అర్థమవుతుంది. స్కీల కింద అంచులు స్టీలువి, ఈ సముద్రం గాలికి అల్మారాలో పెట్టినా తుప్పు పట్టేస్తాయి, బూట్ల లోపలి స్పాంజికి బూజు. నేను మొదట్లో మోజుపడి సొంతంగా కొనుక్కుని ఒక్క వర్షాకాలంలో పాడు చేసుకున్నా. ఇప్పుడు క్లబ్ వాళ్ళ స్టోర్ రూములో పైనే వదిలేసి వస్తాను. చలి బట్టలు కూడా తోటి మెంబర్లు మార్చుకుంటాం, ఎదిగే పిల్లలకి ఏటా కొత్తవి కొనాలంటే ఎవరి వల్ల అవుతుంది.

ఇక నష్టాలు. నేను మొదటి ఉత్సాహంలో లైఫ్ మెంబర్‌షిప్ తీసుకున్నా, అది తప్పు. మీటింగులన్నీ ఢిల్లీలో, స్కీల అంచులు పదునుపెట్టడం నేర్పే ట్యూనింగ్ క్లాసులు ఢిల్లీలో, చివరికి పాత సామాను అమ్మకం కూడా ఢిల్లీలోనే, మెసేజ్‌లన్నీ హిందీలో, మనం వాటికి లైకులు కొట్టడానికి తప్ప పనికిరాం. హోటల్లో పది శాతం డిస్కౌంట్ అంటారు గానీ ఆ హోటల్ మామూలు రేటే మన జీతాలకి అందదు. ఇన్సూరెన్స్ విషయంలో మరీ బాధపడ్డాను. మెంబర్లందరికీ కవర్ ఉందని చేరేటప్పుడు నోటితో చెప్పారు, కాగితం అడిగితే క్లబ్ పెట్టే క్యాంపు రోజులకి మాత్రమే అని రెండేళ్ళ తర్వాత తెలిసింది. ఈ మధ్యలో నేను విడిగా చేసిన రెండు ట్రిప్పులకీ నాకు ఏ రక్షణా లేదన్నమాట. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటిలో అడ్వెంచర్ స్పోర్ట్స్ ఉండదు, అడిగి విడిగా కలుపుకోవాలి. దయచేసి కాగితం చూడకుండా ఎవరూ కట్టొద్దు.

చాలామందికి ఈ ఆశలు అమెరికా చుట్టాల నుంచి వస్తున్నాయి. మా పెద్దమ్మ కొడుకు కొలరాడోలో ఉంటాడు, వాళ్ళ ఊరి స్కీ క్లబ్ వాళ్ళు శనివారం బస్సు వేసి తీసుకెళ్తారట, గుంపుగా కొంటే లిఫ్ట్ టికెట్టు తగ్గుతుందట. అక్కడ సరే, కొండ రెండు గంటల దూరం. మనకి రైలు టికెట్టూ, సెలవులే అసలు ఖర్చు, వాటి మీద ఏ క్లబ్బూ డిస్కౌంట్ ఇవ్వలేదు. బ్రిటన్‌లో స్కీ క్లబ్ 1903 నుంచీ ఉంది, మన దగ్గరా బ్రిటిష్ ఆఫీసర్లు 1927లోనే గుల్మర్గ్‌లో పెట్టారు. సెలవు మీద అక్కడికే వెళ్ళి ఉండగలిగిన వాళ్ళ కోసం పెట్టుకున్న ఏర్పాటు అది, బీచ్ రోడ్డు నుంచి వెళ్ళే మనలాంటి వాళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోవట్లేదు.

తేదీలు చూడండి. మంచు బాగుండేది జనవరి చివర్నుంచి ఫిబ్రవరి అంతా, సరిగ్గా మన ఇంటర్ ప్రాక్టికల్స్, పదో తరగతి ప్రీ-ఫైనల్స్ టైము. పిల్లలకి సంక్రాంతి సెలవులొక్కటే దారి, ఆ వారం రైళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. పైగా జనవరి మధ్యకి మంచు గ్యారంటీ లేదు, 2024లో గుల్మర్గ్‌లో జనవరి సగం దాటినా నేల గోధుమ రంగులోనే ఉంది, నెలాఖరుకి గానీ పడలేదు. ముందే క్యాంపు డబ్బు కట్టినవాళ్ళం అడిగితే వచ్చే ఏడుకి సర్దుతామన్నారు, వాపసు లేదు. అంతకు ముందు ఏడు జోషీమఠ్‌లో ఇళ్ళు బీటలు వారి ఔలి రోప్‌వే కూడా ఆగిపోయింది. అక్కడి వాళ్ళ కష్టం ముందు మన ట్రిప్పు ఎంత, కానీ డబ్బు కట్టేముందు రిఫండ్ రూలు రాసి ఉందో లేదో చూసుకోవడంలో తప్పు లేదు కదా.

కాబట్టి ఆ ముగ్గురు పేరెంట్స్‌కీ నేను చెప్పింది ఇది. ఈ ఏడు డబ్బు కట్టకండి. పిల్లని ఆదివారాలు సింహాచలం మెట్ల దారికి తీసుకెళ్ళండి, ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం, స్కీయింగ్‌లో తొడలు పనిచేసేది దిగేటప్పుడు బరువు ఆపినట్టే. మూడు నెలలు చేసి ఇంకా వెళ్తానంటే ఒక సర్కారు కోర్సు చేయించండి, చలువ కళ్ళద్దాలూ సన్‌స్క్రీనూ మర్చిపోకండి, మంచు మీద ఎండ మన బీచ్ ఎండ కన్నా మాడుస్తుంది. వచ్చాక కూడా మళ్ళీ వెళ్దామంటే అప్పుడు ఒక్క ఏడాదికి మెంబర్‌షిప్ తీసుకోండి, అదీ ఆ క్లబ్‌తో మన వైపు నుంచి వెళ్ళొచ్చిన వాళ్ళెవరితోనైనా ఫోన్‌లో మాట్లాడాకే. అప్పుడు చేరితే మాత్రం మనస్ఫూర్తిగా చేరండి, ఆ తోడు విలువ నాకు తెలుసు.

సంక్రాంతి సెలవులకి తెలుగు పిల్లల కోసం ఒక బ్యాచ్ పెట్టమని, మీటింగుల్లో ఒక్కటైనా ఆన్‌లైన్‌లో పెట్టమని ఈ ఏడు కూడా మా క్లబ్‌కి మెయిల్ పెట్టాను. పోయినేడాది జవాబు రాలేదు. ఈసారి వస్తే మీకు మళ్ళీ రాస్తాను.

ఇట్లు,
ఒక పీఈటీ,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం