ఎకోను పాటను బట్టి ఎంచుకోవాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకుంటున్న యువకుల గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మన జిల్లా పిల్లలు చెక్కభజన పాటలను, బ్రహ్మంగారి తత్వాలను, పొలం పాటలను సొంతంగా రికార్డు చేసి పదిమందికీ వినిపిస్తున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. అయితే ఎకో కావాలంటే పాత టేపు యంత్రమే కొనుక్కోవాలనీ, కంప్యూటరులో వచ్చేదంతా నకిలీ అనీ అర్థం వచ్చే వాక్యాలు అందులో రెండున్నాయి. వాటిని నమ్మి ఏ పిల్లవాడైనా అప్పు చేసి అటువంటి యంత్రం కొంటాడేమోనన్న ఆందోళనతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కడపలో మొదట టేపురికార్డర్ల మరమ్మతు దుకాణం, తరువాత చిన్న రికార్డింగు గది, మొత్తం 35 ఏళ్లుగా నడుపుతున్నాను కనుక ఈ విషయంలో నాకు చెప్పవలసింది కొంత ఉంది.

మన వైపు మైకుసెట్ల వాళ్లు అన్నిటినీ కలిపి ‘రీసౌండు’ అనేస్తారు కానీ అందులో రెండు వేరు వేరు సంగతులున్నాయి. గండికోటలో పెన్న లోయ అంచున నిలబడి కేక వేస్తే ఆ కేక ఎదుటి బండకు తగిలి విడిగా తిరిగి వస్తుంది. అది ఎకో. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి బండ 85 మీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికి అర సెకను పడుతుంది. బెలుం గుహల్లో మాట్లాడితే అలా విడిగా రాదు. చుట్టూ ఉన్న రాతి నుంచి ఒక్కసారే వచ్చి, కలగలిసి, మెల్లగా అణిగిపోతుంది. అది రివర్బు. గొంతు కాస్త నిండుగా, గుడిలో పాడినట్టు వినిపిస్తే చాలనుకునేవారికి కావలసింది రివర్బే తప్ప ఎకో కాదు. నా గదికి ఎకో పెట్టె గురించి అడగడానికి వచ్చే పిల్లల్లో సగం మందికి ఈ తేడా చెబితే కొనే అవసరమే తీరిపోతుంది.

టేపు ఎకోలో మాయ ఏమీ లేదు. ఒక హెడ్డు ధ్వనిని టేపు మీద రాస్తుంది, టేపు ముందుకు జరిగి కొంచెం దూరంలో ఉన్న మరో హెడ్డు దగ్గరికి చేరగానే అది దాన్ని చదివి వినిపిస్తుంది. రెండు హెడ్ల మధ్య 5 సెంటీమీటర్లు ఉండి, టేపు సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో పోతుంటే ఎకో సుమారు 260 మిల్లీసెకన్లకు వస్తుంది. వేగం 38 సెంటీమీటర్లకు పెంచితే 130కి తగ్గుతుంది. 1950లలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో సన్ స్టూడియో నడిపిన శామ్ ఫిలిప్స్ రెండు టేపు యంత్రాలతో ఇలాగే గొంతు వెంట ఒకే ఒక్క పొట్టి ఎకో వచ్చేలా చేశాడు. వచ్చిన ఎకోను మళ్లీ రాసే హెడ్డుకు పంపితే అది పదే పదే తిరుగుతుంది. ఇక్కడే టేపు గొప్పతనం ఉంది. తిరిగిన ప్రతిసారీ ధ్వనిలోని పదును కొంత పోతుంది, అంచులు మెత్తబడతాయి, మోటారు నడకలోని చిన్న హెచ్చుతగ్గుల వల్ల శ్రుతి వెంట్రుకవాసి ఊగుతుంది. అందుకే టేపు ఎకో పాడేవాడి గొంతుతో పోటీ పడకుండా వెనక్కి వెనక్కి జరిగిపోతుంది. ఆ వ్యాసం రాసినవారు టేపును మెచ్చుకోవడంలో తప్పు లేదు, నేనూ మెచ్చుకుంటాను.

కానీ ఆ గుణం టేపుకు మాత్రమే దక్కిందనడం సరికాదు. 1958లో లండన్‌లో చార్లీ వాట్కిన్స్ తెచ్చిన ఎకో యంత్రం కాపీక్యాట్‌లో టేపు ఉంటే, ఇటలీలోని బిన్సన్ సంస్థ ఎకోరెక్‌లో టేపు బదులు తిరిగే అయస్కాంత చక్రం ఉండేది. 1974లో జపాను నుంచి వచ్చిన రోలాండ్ ఆర్‌ఈ-201లో చదివే హెడ్లు మూడు, స్ప్రింగు రివర్బు అదనం. ఈనాటికీ అందరూ పేరు చెప్పేది దీన్నే. తరువాత వచ్చిన అనలాగ్ పెట్టెల్లో టేపే లేదు. మంటలార్పేటప్పుడు వరసగా నిలబడి నీళ్ల బకెట్లు చేతులు మార్చినట్టు ధ్వనిని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు అందించే చిప్పులు వాటిలో ఉంటాయి, వాటి ఎకో కూడా మెత్తగా, మసకగానే ఉంటుంది. ఆర్‌ఈ-201 తీరును డిజిటల్‌గా అనుకరించే బాస్ సంస్థ ఆర్‌ఈ-202 పెట్టె 2022లో వచ్చింది. కంప్యూటరులో అయితే ఎకో దారిలో 3,000 హెర్ట్జుల పైని ధ్వనిని కోసేసి, శ్రుతి ఊపును కొద్దిగా కలిపితే, ఏది టేపో ఏది కంప్యూటరో చెప్పకుండా వినిపించి అడిగినప్పుడు నా దగ్గరికి వచ్చే వాద్యకారులలో చాలామంది తేడా పట్టలేకపోయారు.

పాత యంత్రం కొంటే ఏమవుతుందో స్వయంగా అనుభవించాను. పొరుగు రాష్ట్రంలోని ఒక వ్యాపారి దగ్గర, పని చేస్తుందన్న మాట మీద, జపాను వాడకం కోసం చేసిన ఒక టేపు ఎకో యంత్రాన్ని తెప్పించుకున్నాను. అది 100 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టి ఉంటే ఆ రోజే కాలిపోయేది, ముందు ట్రాన్స్‌ఫార్మరు కొనవలసి వచ్చింది. మూత తీస్తే రబ్బరు రోలరు గట్టిపడి గాజులా మెరుస్తోంది, హెడ్డు మీద టేపు రాసుకుపోయిన గాడి గోటికి తగులుతోంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే ఇటుకపొడి లాంటి ఎర్రటి పొడి వచ్చింది. అది టేపు మీదినుంచి రాలిన పూత. కొత్త టేపు లూపు నేనే కట్టుకున్నాను. రెండు కొసలనూ ఏటవాలుగా కోసి, ఎదురెదురుగా ఆనించి, వెనకవైపు నుంచి అతికించాలి. వెంట్రుకంత సందు మిగిలినా ఆ అతుకు హెడ్డు దాటిన ప్రతిసారీ ‘టప్’ మని వినిపిస్తుంది. ఇంత చేసి సరిపెట్టుకున్న తరువాత దాని ధ్వని నిజంగా బాగుంది. కానీ కడప వేసవి దుమ్ముకూ, ఎండకూ రెండు నెలల్లోనే మళ్లీ మసకబారింది. హెడ్లు, టేపు, రోలరు మార్చుకోగల ఓపికా డబ్బూ ఉన్నవారు కొనుక్కోవచ్చు. మొదటి పాట రికార్డు చేసే పిల్లవాడికి మాత్రం ఆ డబ్బుతో మంచి మైకు కొనుక్కోమనే చెబుతాను.

యంత్రం కన్నా ముఖ్యమైనది ఎకో తిరిగి వచ్చే వేళ. నిమిషానికి 100 దెబ్బల నడకలో పాట ఉంటే ఒక్కో దెబ్బ 600 మిల్లీసెకన్లు. దెబ్బను నాలుగు భాగాలు చేసే చతురశ్ర నడక అయితే 150, 300, 450 మిల్లీసెకన్ల దగ్గర ఎకో తాళంలో ఒదుగుతుంది, మూడు భాగాలు చేసే తిశ్ర నడకకు 200, 400 కావాలి. చెక్కభజన రికార్డు చేసేవారు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. చెక్కల దెబ్బ చాలా పదునైనది, వాటి మువ్వలు ఇంకా పదునైనవి. ఎకో 20 మిల్లీసెకన్లు అటూ ఇటూ అయినా ఎవరూ కొట్టని దెబ్బ ఒకటి అదనంగా వినిపించి, ఇరవై మంది కలిసి వేసిన అడుగు తడబడినట్టు అనిపిస్తుంది. ఒక బృందం వాళ్లు తమ తాళమే తప్పిందని నా గదిలో ఒకరినొకరు కోప్పడుకుంటుంటే, ఎకోను పూర్తిగా తీసేసి వినిపించి సమాధానపరచాను. చెక్కలకు అసలు ఎకో వద్దు, పాడే గొంతుకు మాత్రమే పెట్టుకోవాలి. తత్వాలకు మాట ప్రాణం గనుక 120 మిల్లీసెకన్ల దగ్గర ఒకే ఒక్కసారి, అదీ వినీ వినబడనంతగా చాలు.

ఈ చివరి మాట చెప్పడానికి నాకు ఒక బాధాకరమైన కారణం ఉంది. 1996లో బ్రహ్మంగారిమఠం వైపు ఒక పల్లెలో రాత్రంతా తత్వాలు పాడిన ఒక పెద్దాయనను క్యాసెట్టు మీద రికార్డు చేశాను. నిర్వాహకులు ‘ఎకో బాగా పెట్టన్నా’ అని అడిగితే మిక్సరులో బొత్తం సగానికి పైగా తిప్పి, ఆ ధ్వనినే నేరుగా క్యాసెట్టులోకి పంపాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయిన ఏడాది ఆయన మనవడు వచ్చి, ‘మా అబ్బ పాడిన తత్వం ఇంకెవరికీ రాదు, మూడో చరణం మాటలు రాసివ్వండి సార్’ అని అడిగాడు. హెడ్‌ఫోన్సు పెట్టుకొని మూడు రోజులు విన్నాను. ప్రతి పాదం చివర ఆయన సాగదీసిన ‘రా’ అన్న అక్షరం తిరిగి తిరిగి వచ్చి తరువాతి పాదం మొదటి మాట మీద పడుతోంది, ఆ మాట తేలడం లేదు. ఎకో కలపడం క్షణంలో పని, కలిసిపోయిన దాన్ని విడదీయడం నాకు తెలిసిన ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా సాధ్యపడలేదు. మూడో చరణంలో నాలుగు మాటల చోట ఖాళీలు వదిలి ఆ కాగితం అతని చేతికి ఇచ్చాను.

కాబట్టి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. టేపు ఎకో అయినా, డిజిటల్ అయినా, రికార్డు చేసేటప్పుడు గొంతును ఏమీ కలపకుండా ఒక ట్రాకులో విడిగా దాచి, ఎకోను తరువాత వేరే ట్రాకులో కలుపుకోవాలి. ఈనాటి ఫోన్లలో, కంప్యూటర్లలో దీనికి అదనపు ఖర్చు ఏమీ లేదు. ముఖ్యంగా పల్లెల్లో పెద్దవాళ్ల పాటలు ఎక్కిస్తున్న పిల్లలు ఆ విడి ట్రాకును చెరిపేయకుండా రెండు చోట్ల భద్రపరచాలి. ఇళ్లలోని రికార్డింగుల మీద మీరు మరో వ్యాసం వేస్తే యంత్రాల పేర్లతో పాటు ఈ పద్ధతిని కూడా అందులో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎర్రముక్కపల్లె, కడప.